సల్మాబాద్ రాకుమారుడు

బహ్రెయిన్ వచ్చిన మూడో ఏడు నేను హమద్ టౌన్‌లో ఒక చిన్న క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. అప్పటికే అక్కడ రక్తం తీసే గది ఒక ఫిలిప్పీన్స్ నర్సు చేతిలో ఉండేది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని యూనిఫాంలో ఉండేది. అందరూ ఆమెను ఆతె అని పిలిచేవారు. వాళ్ల భాషలో అక్క అని అర్థం. మా డాక్టరుగారు కేరళ మనిషి, ఆయన కూడా ఆతె అనే అనేవారు. నేను మొదటి వారం సిస్టర్ అన్నాను, రెండో వారానికి నాకూ అక్క అయిపోయింది.

నరం దొరకని పేషెంట్లను, ఏడ్చే పిల్లలను ఆమె దగ్గరికే పంపేవాళ్లం. కళ్లతో వెతికేది కాదు, వేలితో తడిమి పట్టేది. ఖాళీ దొరికితే మాత్రం ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. కుర్చీ చేతి మీద ఆరుసార్లు తట్టేది, ఆగేది, మళ్లీ ఆరుసార్లు తట్టేది. ఏదో జపం చేస్తోందనుకున్నాను. ఆమె సొరుగులో దూది, ప్లాస్టర్ల పక్కన ఎప్పుడూ రెండు మూడు పల్చటి పుస్తకాలుండేవి. అట్ట మీద ఒకరినొకరు చూసుకుంటున్న అమ్మాయీ అబ్బాయీ. వాటిని చూసి లోపల కొంచెం చులకనగా అనుకున్న మాట నిజం. నేను బియస్సీలో సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకుని ప్రబంధాలు చదివినదాన్ని, ఆమె ఇలాంటివి చదువుతుంది అనుకున్నాను. నేను తెలుగు పుస్తకం ముట్టుకుని అప్పటికి ఆరేళ్లు దాటిందన్న సంగతి మాత్రం నాకు గుర్తు రాలేదు.

ఆ సంవత్సరం రంజాన్ నెలలో మధ్యాహ్నాలు పేషెంట్లు పెద్దగా వచ్చేవారు కాదు. అలా ఖాళీగా కూర్చున్న ఒక పూట ఆ వేళ్ల సంగతి అడిగాను. ఆమె నవ్వి, జపం కాదు, పద్యం అంది.

వాళ్ల భాషలో ఆవిట్ అని ఒక రకం పొడుగు కథాకావ్యం ఉందట. నాలుగు పాదాలు, పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరో అక్షరం దగ్గర విరుపు, నాలుగు పాదాల చివరా ఒకే ధ్వని. పాదానికి ఎనిమిది అక్షరాలైతే దాన్ని కొరీదో అంటారు, అది కొంచెం హుషారుగా నడుస్తుంది. అక్షరాల లెక్క అనగానే నాకు పదో తరగతి గుర్తొచ్చింది. మా తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ గురువు, లఘువు అని మాచేత అరిపించేవారు. ఆమె భాషలో గురులఘువుల గొడవ లేదు, లెక్క ఒక్కటే. పదం చివర పొల్లు హల్లు వస్తే దాన్ని విడిగా లెక్కపెట్టరా అని అడిగాను. పెట్టరు అంది. మా దగ్గరా పెట్టరు అన్నాను. అంతవరకూ క్లినిక్‌లో పక్కపక్కన పనిచేసే ఇద్దరం, ఆ మాట దగ్గర స్నేహితులమయ్యాం.

ఆ నెలంతా ఆమె నాకు పాఠం చెప్పింది. బుగ్తోంగ్ అంటే పొడుపుకథ. తనాగ అంటే నాలుగే పాదాల చిన్న పద్యం, పాదానికి ఏడక్షరాలు. క్రైస్తవుల ఉపవాసాల రోజుల్లో ఊళ్లో ఆడవాళ్లంతా వంతులు వేసుకుని క్రీస్తు కథను రోజుల తరబడి పద్యాల్లో పాడతారు. ఇద్దరు కవులు నిలబడి పద్యాల్లోనే వాదించుకునే ఆట ఉంది, గెలిచినవాడిని జనమే తేలుస్తారు. దగ్లీ అని ఒకటుంది, పేజీ కూడా నిండని కథ, పత్రిక మూలన ఖాళీ ఉంటే వేసేవారట. నేను నాకు తెలిసినవి చెప్పాను. ద్విపద, అవధానం, సమస్యాపూరణం. నాలుగు దిక్కుల నుంచి నలుగురు అడ్డదిడ్డంగా అడిగితే మధ్యలో ఒకడు గంట కొడుతుంటే కవి పద్యం చెప్పడమేమిటో ఆమెకు నమ్మకం కుదరడానికి రెండు రోజులు పట్టింది.

మీ దేశంలో గొప్ప రచయితలెవరు అని అడిగాను. బళ్లో చదివిన పేర్లు కొన్ని చెప్పింది. ఎప్పటివాళ్లో, ఒకరు పాలించినవాళ్ల భాషలో రాశారు, ఇంకొకరు తర్వాత వచ్చిన పాలకుల భాషలో రాశారు. వాళ్ల పేర్లు వీధులకు పెట్టారు, విగ్రహాలున్నాయి. తర్వాత ఆగి, "మా అక్కకి ఐదు కావ్యాలు నోటికి వచ్చేవి. రాసినవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకాల మీద ఉండేవే కావు. సంతలో పాత బట్టల పక్కన అమ్మేవారు వాటిని" అంది.

ఆ అక్కే ఆమెను పెంచింది. రొయ్యలు ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ పాడేదట. ఆ కథలన్నీ పర్షియా, అరబ్బు రాజ్యాల్లో జరుగుతాయి. రాసినవాళ్లెవరూ వాటిని చూసి ఎరగరు. ఏడు తలల పాములు, మాట్లాడే పక్షులు, మేడ మీద రాకుమార్తె. ఇరవై ఆరేళ్ల వయసులో నర్సుగా గల్ఫ్ వచ్చేటప్పుడు, విమానం కిటికీలోంచి ఇసుక కనబడగానే ఆమె మొదట వెతికింది కోట గోడలనట. కంపెనీ వాళ్లు తీసుకెళ్లి కార్ల గ్యారేజీలుండే సల్మాబాద్‌లో ఒక వర్క్‌షాపు పక్కన గదిలో దింపారు.

అప్పుడు చెప్పింది ఆ పల్చటి పుస్తకాల సంగతి. అందులో రెండు ఆమె రాసినవే. నర్సింగ్ చదివే రోజుల్లో మారుపేరుతో ప్రేమ నవలలు రాసేది, ఆ డబ్బుతో ఫీజు కట్టుకునేది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పద్యం మాత్రం ఎప్పుడూ రాయలేదట. ఇప్పుడు రాస్తోంది. ఆవిట్. కథానాయకుడు సల్మాబాద్‌లో కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసే కుర్రాడు. తల్లిదండ్రులు లేని రాకుమారుడు మంత్రం వల్ల రాజ్యం మరిచిపోయి గ్యారేజీలో సుత్తి పట్టుకుంటాడు. అదీ కథ.

ఈ కథలో మూడో మనిషి మా వ్యాన్ డ్రైవరన్న. ఇళ్లకు వెళ్లి శాంపిళ్లు తెచ్చేటప్పుడు అతనే నడిపేవాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. డ్రైవింగ్ లైసెన్సు రాకముందు ఎనిమిదేళ్లు సల్మాబాద్‌లో డెంటింగ్ పనే చేశాడు. బహ్రెయిన్‌ను అతను ఎప్పుడూ దుబాయి అనే అనేవాడు. ఆతెకు గ్యారేజీ వివరాలు కావాల్సివచ్చి అతన్ని అడిగేది. ఇద్దరూ హిందీలో మాట్లాడుకునేవారు. ఉదయం ఎన్నింటికి బస్సు వస్తుంది, ఎండాకాలంలో రేకు ఎంత కాలుతుంది, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, వస్తే ఎవరు ముందు లేచి నిలబడతారు, అన్నీ అడిగేది. అతనికి మొదట అనుమానం వచ్చింది.

"చెల్లే, గీమె పోలీసోల్లకేమన్న చెప్తదా? గన్ని ముచ్చట్లు ఎందుకడుగుతుంది?" అని నన్నడిగాడు.

పద్యాల కథ రాస్తోందన్నాను. అతని ముఖం విప్పారింది. వాళ్ల ఊళ్లో ఒగ్గుకథ వాళ్లు డోలు కొట్టుకుంటూ తెల్లవార్లూ చెప్పేవారని, చిన్నప్పుడు గొంగడి కప్పుకుని ముందు వరసలో కూర్చునేవాడినని చెప్పుకొచ్చాడు. ఆనాటి నుంచి వివరాలు అడక్కుండానే చెప్పేవాడు. సల్మాబాద్‌లో ఏడు తలల పాము ఎక్కడిదని మాత్రం ఒప్పుకోలేదు. పాము లేకపోతే ఆవిట్ కాదని ఆతె కూర్చుంది. చివరికి పాత కార్ల గుట్ట కింద పాము ఉంటుందన్న దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు.

ఆమె బలవంతం మీద నేను కూడా ఒక తనాగ రాశాను. అక్షరాలు తగ్గకుండా, తెలుగులో.

బస్సు ఇంకా రాలేదు
ఎండ ఇంకా పోలేదు
నీళ్ల సీసా చాలదు
నవ్వు మాత్రం తగ్గదు

చదవమని, చదువుతుంటే వేళ్లు తట్టింది. అర్థం చెప్పమంది. మూడో పాదం బాగుంది, నాలుగోది ఎవరో చెప్పగా విన్నట్టుంది అంది. నాకు కోపం వచ్చింది కానీ, ఇంటికెళ్లి ఆలోచిస్తే అది నిజమే.

రంజాన్ అయిపోయింది. వేసవి మొదట్లో ఒకరోజు ఆమె నా దగ్గరికి పంపిన రెండు ట్యూబుల్లో ఒకటి నాకు తేడాగా కనిపించింది. గర్భిణి పేరున్న ట్యూబుకి ముసలాయన నంబరు స్టిక్కర్ ఉంది. ఇద్దరూ ఇంకా బయట బెంచీ మీదే ఉన్నారు. మళ్లీ రక్తం తీసి సరిచేశాం. ఎవరికీ ఏ హానీ జరగలేదు. కానీ ఆతె అలా పొరపాటు చేసే మనిషి కాదు. ఆ నెలలో ఆమె నన్ను స్టిక్కర్లు చదివిపెట్టమని ఎన్నిసార్లు అడిగిందో అప్పుడు లెక్క తేలింది. కళ్లజోడు మరిచిపోయానని ఒకసారి, లైటు సరిగా లేదని ఒకసారి.

లంచ్ టైములో తలుపు వేసి అడిగాను. సొరుగు మూసి చెప్పింది. షుగర్ వల్ల కంటి వెనక నరాలు దెబ్బతిన్నాయి. కంట్లోకి ఇంజెక్షన్లు తీసుకుంటోంది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్న అక్షరం మాత్రం మధ్యలో చెరిగిపోతుంది. ఏడాదిలో కాంట్రాక్టు ముగుస్తుంది, అందాకా ఎలాగో నెట్టుకొద్దామనుకుంది.

ఆ పూట వచ్చిన ప్రతి ట్యూబునూ రెండుసార్లు చూశాను. ఆమె మీద జాలి ఒకవైపు, ఆ గర్భిణి ముఖం ఒకవైపు. సాయంత్రం డ్యూటీ దిగేముందు ఆమెతో చెప్పాను. రేపు పొద్దున మీరే డాక్టరుగారికి చెప్పండి, మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పకపోతేనే నాకు బాధగా ఉండేది" అంది.

మర్నాడు తానే వెళ్లి చెప్పింది. డాక్టరుగారు తిట్టలేదు. సూదులు, స్టిక్కర్లు వద్దని, పేషెంట్లతో మాట్లాడే పని ఇచ్చారు. షుగర్ ఉన్నవాళ్లు ఏం తినాలి, పాదాలు ఎలా చూసుకోవాలి చెప్పడం. ఆమె ఆ పని బాగా చేసింది. అయినా రక్తం తీసే గది తలుపు దాటేటప్పుడు మాత్రం లోపలికి చూసేది కాదు.

ఆవిట్ సగంలో ఆగింది. నోటుబుక్కులో రాసుకున్నది ఆమెకే కనబడటం లేదు. నేను టైప్ చేసిపెడతానన్నాను. నీకు భాష రాదుగా అంది. ఇంగ్లీషు అక్షరాలేగా, మీరు చెప్పండి, నేను కొడతాను అన్నాను. అలా శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె మా ఇంటికి రావడం మొదలైంది. మావారు చాయ్ పెట్టి ఇచ్చి అవతల గదిలో క్రికెట్ చూసుకునేవారు. ఆమె సోఫాలో కళ్లు మూసుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పేది. నేను విన్నది విన్నట్టు కొట్టేదాన్ని. మొదట్లో ఒక పద్యానికి అరగంట పట్టింది. పోనుపోను చెవి తెరుచుకుంది. అర్థం తెలియకుండానే పదం ఎక్కడ విరుగుతుందో తెలిసేది. పద్యం అయ్యాక తిరిగి చదివి వినిపించేదాన్ని. నా యాసకు ఆమె నవ్వేది.

శీతాకాలం మొదట్లో ఒక శుక్రవారం, రాకుమారుడికి ఉత్తరం వచ్చే ఘట్టం చెప్పింది. తనను పెంచిన అక్క గురించిన ఉత్తరం. నేను కొట్టి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మూడో పాదంలో పదకొండే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.

ఇక్కడ ఒక అక్షరం తక్కువైంది ఆతె అన్నాను. లేదు, సరిగ్గానే ఉంది అంది. చదివి వినిపించాను. ఆమె వేళ్లు సోఫా మీద తట్టాయి. ఆరు, ఆగి, ఐదు. మళ్లీ తట్టింది. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

ఆ పాదంలో చివరి మాట 'వాలా'. అంటే లేదు అని. ఊళ్లో లేదు, ఇంట్లో లేదు, ఎక్కడికో వెళ్లింది, అన్నిటికీ సరిపోతుంది. దాని పక్కన ఇంకొక్క అక్షరం రావాలి. 'వాలా నా'. అంటే ఇక లేదు.

ఆమె అక్క పోయింది ఆమె బహ్రెయిన్ వచ్చిన నాలుగో ఏడు. సెలవు దొరకలేదు. ఫోనులో తమ్ముడు ఆ రెండు మాటలే అన్నాడట. అప్పుడు హాస్పిటల్లో డ్యూటీలో ఉంది. ఫోను పెట్టేసి వెళ్లి ఆరుగురికి బీపీ చూసింది. ఆ తర్వాత ఎవరైనా అడిగితే అక్క ఊళ్లో ఉందని చెప్పేది, చాలా ఏళ్లు అలాగే చెప్పింది. ఇదంతా కన్నీళ్లు లేకుండా, షుగర్ పేషెంటుకు డైట్ చెప్పినట్టు చెప్పింది. మనకూ ఆ తేడా ఒక్క 'ఇక' దగ్గరే ఉందని నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయాను.

కాసేపటికి ఆమే, "ఆ అక్షరం పెట్టు" అంది.

పెట్టాను. పన్నెండు అయ్యాయి. ఆ వేళ ఇంకేమీ రాయలేదు. మావారు రెండోసారి చాయ్ పెట్టి తెచ్చారు, ముగ్గురం కూర్చుని క్రికెట్ చూశాం. ఆట ఆమెకు అర్థం కాదు, తెర కూడా సరిగా కనబడదు. అయినా వికెట్ పడ్డప్పుడల్లా ఎవరు అవుటయ్యారని అడిగింది.

మిగిలింది ముగింపు. ఆవిట్‌లో రాకుమారుడు పామును చంపి, రాకుమార్తెను పెళ్లాడి, రాజ్యానికి తిరిగివెళ్లాలి. అది పద్ధతి. ఆతెకు ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. తనకు తెలిసినవాళ్లెవరూ అలా తిరిగివెళ్లలేదు, వెళ్లినా ఆ రాజ్యం వాళ్లు వదిలినట్టు లేదు. గ్యారేజీలోనే ఉంచేస్తానంది. వ్యాన్‌లో ఈ మాట వచ్చినప్పుడు డ్రైవరన్న కూడా విన్నాడు. ఆమెను ఇంటి దగ్గర దింపాక నాతో అన్నాడు.

"చెల్లే, జెర ఆమెకు చెప్పు. ఇంటికి వోయినట్టె రాయమను. మనమెట్లనో పోతలేం. కథల గూడ పోకపోతె ఎట్ల?"

ఆ మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. సరిగా చెప్పానో లేదో తెలియదు. తర్వాతి శుక్రవారం ఆమె రాకుమారుడిని ఇంటికి పంపింది. ఊరి పొలిమేరలో కుక్క మొరుగుతుంది, అతన్ని గుర్తుపట్టదు. అక్క ఇంటి తలుపు అతనే తీసుకుంటాడు. అక్కడ కథ అయిపోతుంది. పెళ్లి లేదు, పట్టాభిషేకం లేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, నువైద్రాత్‌లో ఆమె ఉండే ఇంటి మేడ మీద దాన్ని చదివారు. చదవడం కాదు, పాడటం. వాళ్ల వాళ్లు పాతికమంది దాకా వచ్చారు. నర్సులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెలూన్ అమ్మాయిలు. కింద చాపలు పరిచారు, పెద్ద గిన్నెడు నూడుల్స్ వండారు. నేనూ మావారూ డ్రైవరన్నా మాత్రమే బయటివాళ్లం. అన్న ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆమెకు కాగితం కనబడదు కాబట్టి మొత్తం నోటికి నేర్చుకుంది. వాళ్ల అక్క పాడిన పాత బాణీలో మొదలుపెట్టింది. నేను పక్కన అచ్చుకాగితాలు పట్టుకుని కూర్చున్నాను. మొదట కొందరు అమ్మాయిలు ఫోన్లు చూసుకున్నారు. పాము వచ్చేసరికి ఫోన్లు కిందికి దిగాయి. అన్నకు భాష ఒక్క ముక్క రాదు. కానీ మధ్యలో సల్మాబాద్ అనీ, గ్యారేజీలో రోజూ వినే అరబ్బు మాటలు యల్లా, ఖలాస్ అనీ వినబడినప్పుడల్లా వెనక్కి తిరిగి అందరినీ చూసి తల ఊపేవాడు, ఆ కథ తానే చెప్పించినట్టు. ఒక రకంగా అది నిజమే.

ఉత్తరం ఘట్టం దగ్గర ఆతె ఆగిపోయింది. ముందు విరుపు అనుకున్నారు. ఆరో అక్షరం దాటింది, మిగతా ఆరూ రాలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నాకు అర్థమైంది. కాగితం చూసి, నాకు రాని భాషలో, నా కోస్తా యాసలో ఆ సగం పాదం చదివాను. వాలా నా దాకా. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలామె అదే పాదాన్ని సరైన పలుకుతో మెల్లగా మళ్లీ అంది. ఆతె అక్కడినుంచి అందుకుంది. చివరిదాకా మళ్లీ ఆగలేదు.

అయ్యాక ఎవరూ వెంటనే లేవలేదు. సెలూన్‌లో పనిచేసే అమ్మాయి ఒకతె వచ్చి ఆ ఉత్తరం పద్యం రాసివ్వమని అడిగింది. నేను ఆ కాగితమే ఇచ్చేశాను.

ఏప్రిల్‌లో ఆతె కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టుకు అన్నే తీసుకెళ్లాడు. ఊళ్లో ఇంజెక్షన్లు కొనసాగుతున్నాయి. చూపు పెరగలేదు, తగ్గనూ లేదు. వాళ్ల టౌన్‌లో ఒక చిన్న ప్రెస్‌లో ఆవిట్‌ను అచ్చువేయించి, సంతలో అమ్మకానికి పెట్టించింది. అట్ట మీద ఈసారి తన అసలు పేరే ఉంది. రెండు ప్రతులు ఒక నర్సు చేతికిచ్చి పంపింది, ఒకటి నాకు, ఒకటి అన్నకు.

అన్న ఆ ఏడు సెలవు మీద ఊరికి వెళ్లేటప్పుడు దాన్ని సూట్‌కేసులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చాక వ్యాన్‌లో చెప్పాడు. ఒక సాయంత్రం వాళ్ల వాడకట్టులో అరుగు మీద కూర్చుని కథంతా వాళ్ల మాటల్లో చెప్పాడట. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు, ఆ భాష చదవడం రాకపోయినా పేజీలు తిప్పుకుంటూ చెప్పాడు.

"యాదికున్నంత చెప్పిన చెల్లే. డోలు లేదు గని, తొడ మీద కొట్టుకుంట చెప్పిన" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆతెకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. ఎంతమంది విన్నారు, మధ్యలో ఎవరైనా లేచి వెళ్లిపోయారా అని. ఎంతమందో తెలియదు, లేచి మాత్రం ఎవరూ వెళ్లలేదట అన్నాను.